మంగళవారం అంటిన పసుపు

నేను పుట్టింది బోధన్ అవతల, చెరుకు తోటల మధ్య. మెట్టినిల్లు మాత్రం పసుపు ఊరు. కాపురానికొచ్చిన మొదటి వారమే అత్త చెప్పింది, మంగళవారం పోచమ్మ తల్లి దినమని, ఆ రోజు ఎవరూ పొలం పని ముట్టుకోకూడదని. నాకేం బాధ! వారానికొక సెలవు ఇచ్చిన తల్లి మీద నాకు వెంటనే భక్తి కుదిరింది.

పేచీ మూడేళ్ల కింద వచ్చింది. మా ఎదురింట్లో ఒక అవ్వ ఉంటుంది. ఒంటరి మనిషి. అరెకరం పసుపు, ఒక బర్రె, అంతే ఆమె సంసారం. తవ్విన పసుపు కొమ్ములను ఉడకబెట్టి ఎండబెట్టాలి. ఉడికించే బాయిలరును ట్రాక్టరుకు తగిలించి ఇల్లిల్లూ తిప్పుతారు. పెద్ద రైతుల పనంతా అయ్యాక, అందరికన్నా చివర అవ్వ వంతు వచ్చింది. అదీ మంగళవారం నాడు. మర్నాడు ఇంకో ఊరికి పోతానన్నాడు బాయిలరాయన. కుప్పలో కొమ్ములు అప్పటికే మెత్తబడుతున్నాయి. అవ్వ పోచమ్మ గుడి వైపు తిరిగి ఒక దండం పెట్టి, మంట పెట్టించింది.

ఆ ఆవిరిని ఊరంతా చూసింది. సాయంత్రం చావడి దగ్గర పెద్దలు కూర్చున్నారు. ఆ పెద్దల్లో పెద్ద మా మామే. ఏడాది పాటు అవ్వతో ఎవరూ మాట్లాడొద్దు, ఆమె గడప తొక్కొద్దు, ఆమెకు కూలికి పోవద్దు అని తీర్పు చెప్పారు. మాట తప్పినవాళ్లకూ అదే శిక్షట.

నా నోరు ఊరుకునే రకం కాదు. మామకు అన్నం వడ్డిస్తూ అడిగాను.

"మామా, గీ శిక్ష ఏసింది తల్లా, మీరా?"

"తల్లికి కోపమొస్తే ఊరు ఆగమైతది బిడ్డా."

"కోపమొచ్చిందని ఎవలు జెప్పిండ్రు?"

"పెద్దలు జెప్పిండ్రు."

"పెద్దలంటే మీరే గదా!"

మామ చారు ఇంకాస్త పోయమన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ముసలామెను ఏడాది పాటు పలకరించకండని ఏ తల్లి చెబుతుంది? పెరటి దారిన పోయి, పోలీసు స్టేషనుకు పోదాం పదమని అవ్వతో అన్నాను. "ఊరోళ్ల మీద కేసు వెట్టి, రేపు ముచ్చట ఎవలతోని వెట్టుకోవాలె?" అంది. ఆమె దిగులంతా వాకిట్లో పరిచిన పసుపు మీదే. అది పదిహేను రోజులు ఎండాలి. గట్టి వాన ఒక్కటి తడిపినా బూజు పట్టి నల్లబడుతుంది. ఏడాది తిండి దాని మీదే. మబ్బు పడితే నలుగురు పట్టనిదే అంత టార్పాలిన్ లేవదు, ఇప్పుడు ఆ నలుగురు లేరు.

అలాగని అవ్వ నోరు మూసుకునే మనిషి కాదు. బర్రెను వాకిలి ముందు కట్టేసి దానితో మాట్లాడటం మొదలుపెట్టింది. "ఏమే, ఎదురింటి పెద్దమనిషి ఇయ్యాల గడ్డం గీసుకోలే. పాణం బాగలేదా ఏంది?" మామ అరుగు మీద పేపరు అడ్డం పెట్టుకొని విననట్టే కూర్చున్నాడు. మూడో రోజు ఆయనా గొంతు సవరించుకొని, "ఆ బర్రెకు జెప్పుండ్రి, జర జలుబు జేసింది, గంతే" అని గాలిలోకి అన్నాడు. వారం తిరిగేసరికి వీధి వీధంతా ఆ బర్రెతోనే మాట్లాడుతోంది. బర్రెతో మాట్లాడొద్దని తీర్పులో లేదు మరి.

మళ్లీ మంగళవారం వచ్చింది. మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. మిగతా ఊరి పసుపంతా అప్పటికే బస్తాలకెక్కింది, వాకిట్లో ఉన్నది అవ్వదొక్కటే. రేకుల మీద చినుకులు టపటపమన్నాయి. నేను లేచేలోపే ఒక మనిషి నన్ను దాటుకొని ఉరికాడు, కాళ్లకు చెప్పులు కూడా లేవు. మా మామ! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పసుపు పండించిన మనిషి, కళ్ల ముందు కొమ్ములు తడుస్తుంటే కూర్చోలేకపోయాడు. "టార్పాలిన్ పట్టుండ్రి, సూస్తరేంది!" అని అరిచిన అరుపుకు వీధంతా అవ్వ వాకిట్లో పడింది. దొరికినవాళ్లు దొరికినట్టు రెండు చేతులా కొమ్ములు కుప్పకెత్తాం. వాన జోరందుకునేసరికి పసుపు టార్పాలిన్ కింద ఉంది, మేం వానలో ఉన్నాం. అవ్వ ఒకటే ఏడుపు, ఒకటే నవ్వు.

మర్నాడు చావడి మళ్లీ నిండింది. పెద్దల్లో ఒకాయన ఆ మంగళవారం ధర్పల్లిలో బంధువులింటికి పోయి ఉన్నాడు. ఆయన మొదలుపెట్టాడు. "తల్లి కోపంతోనే వాన పంపింది. శిక్ష రెండేండ్లు జేయాలె. ఒప్పుకున్నోళ్లు చెయ్యెత్తుండ్రి." అని తన చెయ్యి పైకెత్తాడు.

ఇంకో చెయ్యి లేవలేదు. కొందరు తువ్వాళ్లలో చుట్టుకున్నారు, కొందరు చంకల్లో దాచుకున్నారు. అన్ని చేతులకూ నిన్నటి మంగళవారం పసుపే! ఆయన ఒక్కడి చెయ్యే తెల్లగా గాలిలో నిలబడింది. మెల్లగా దించుకున్నాడు. ఆడవాళ్లలో ముందు ఎవరు నవ్వారో చెప్పను.

మామ లేచాడు. "వాన తల్లే పంపిందంటివి. మరి నా కాళ్లను ఉరికించింది ఎవలు? ఆమెకు కడపటి వంతు ఇచ్చింది మనం. కోపం మనది, పేరు తల్లిది. తప్పయింది." అంత పెద్దమనిషి నోట ఆ మాట అదే మొదటిసారి విన్నాను. ఆయన మీద నాకున్న కోపమంతా అక్కడే పోయింది.

చావడి నుంచి తిన్నగా ఎదురింటికి పోయాడు. వెనక మేమంతా పోయాం. అవ్వ గడపలో కూర్చొని ఉంది.

"వదినె, జలుబు తగ్గింది," అన్నాడు మామ, ఇంకేం అనాలో తెలియక.

అవ్వ ఆయన్ని ఎగాదిగా చూసింది. "నాకెందుకు జెప్తవ్? గిన్ని దినాలు నాకు తోడున్నది అది. ముందుగాల దానికి జెప్పు."

మామ నిజంగానే బర్రె ముందుకు పోయి నిలబడ్డాడు, పసుపు చేతులు రెండూ జోడించి.