శాపం తీరగానే మాయమైన రాకుమారి

ఆ రోజుల్లో మా శామీర్‌పేటలో అందమంటే ఏమిటన్న విషయంలో ఎవరికీ అనుమానాలుండేవి కావు. తెల్లగా ఉంటే అందమైన పిల్ల, నల్లగా ఉంటే మంచి పిల్ల. నేను చాలా మంచి పిల్లని. ఎంత మంచి పిల్లనంటే, కరెంటు పోయినప్పుడు మా తమ్ముడు నన్ను వెతకడానికి నవ్వమనేవాడు. అమ్మ ప్రతి ఆదివారం ఓపిగ్గా నలుగు పెట్టేది (నలిగాను గాని తెల్లబడలేదు). ఇక నేను తెల్లగా కనిపించే అవకాశం లెక్కల పీరియడ్లో మాత్రమే దొరికేది. సారు బోర్డు దగ్గరికి పిలవగానే తెల్లముఖం వేసేదాన్ని. ఇప్పుడు తుర్కపల్లిలో ఒక ల్యాబులో పని చేస్తున్నాను. పొద్దున కంపెనీ క్యాబులో కూర్చుంటే పక్క సీటమ్మాయి తన ఫోన్లో ముఖాన్ని రెండు ఛాయలు తెల్లగా జరుపుకుని, ఆ తర్వాతే ఫొటో తీసుకుంటుంది. అది చూసినప్పుడల్లా నాకు తొమ్మిదో తరగతిలో మా బడి వార్షికోత్సవం గుర్తొచ్చి, కిటికీ వైపు తిరిగి నవ్వుకుంటాను.

బడిలో నా ముద్దుపేరు మైకు. అది మా అవ్వ ఇచ్చిన ఆస్తి. బాపు చెరువులో వల వేసేవాడు, అవ్వ ఆ చేపల్ని గంపకెత్తుకుని మేడ్చల్ అంగట్లో అమ్మేది. సెలవు రోజుల్లో నేనూ పక్కన కూర్చుని "రవ్వలు, బొచ్చెలు, పానమున్న కొర్రమట్టలు!" అని అరిచేదాన్ని. బస్టాండులో దిగినవాళ్లు తలతిప్పి చూసేవారు. అలా తయారైన గొంతు బడిలో ప్రార్థనకి, ప్రతిజ్ఞకి, పక్క తరగతి వాళ్లని తిట్టడానికి బాగా పనికొచ్చేది. అందుకే మా తెలుగు సారు ఆ ఏడాది తానే స్వయంగా రాసిన నాటకంలో రాకుమారి వేషానికి నన్ను పిలిచినప్పుడు నేను ఆశ్చర్యపోలేదు, ఎగిరి గంతేశాను. సారు చేతిలో కాగితాలు సర్దుకుంటూ ఆప్యాయంగా అన్నారు: "నువ్వైతేనే సరిగ్గా సరిపోతవమ్మా. నీకు మేకప్ గూడ అక్కర్లేదు, సహజంగ ఉంటది."

ఆ 'సహజం' ఏమిటో నాటకం చదివాక అర్థమైంది. ఒక రాకుమారి పొద్దస్తమానం అద్దం చూసుకుంటోందని ఒక మునికి కోపం వచ్చి, ముఖం మసిబారిపోవాలని శపిస్తాడు. రూపం చూడకుండా మనసు చూసి చేయి పట్టుకునేవాడు వచ్చిన రోజున శాపం తీరుతుంది. పాపం రాకుమారి మసి ముఖంతోనే బావులు తవ్విస్తుంది, రోగులకు గంజి పోస్తుంది, పేజీలకు పేజీలు మాట్లాడుతుంది. చివరికి పొరుగు రాకుమారుడు వచ్చి "ఓ రాకుమారీ! నీ రూపముతో నాకు పని లేదు, నీ మనసే నాకు వెన్నెల" అంటాడు. డప్పు మోగుతుంది. ఇద్దరు పిల్లలు ఒక దుప్పటి అడ్డం పట్టుకుంటారు. దుప్పటి వెనక్కి నేను వెళతాను, బంగారు రంగు లంగా వేసుకుని ఇంకో రాకుమారి బయటికి వస్తుంది. పెళ్లి. దండలు. చప్పట్లు. నీతి: మనసు అందమే అసలైన అందం.

ఆ ఇంకో రాకుమారిని మేం మీగడ అనేవాళ్లం. ఊళ్లో పాత పటేలు మనుమరాలు. ఆ రంగు, ఆ కళ్లు, ఆ జడ చూస్తే మునికే కాదు, మాకూ శపించాలనిపించేది. కానీ మనిషి మంచిది, అదొక్కటే ఆమెతో మాకున్న ఇబ్బంది. గొంతు మాత్రం చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప వినిపించేది కాదు.

రిహార్సల్లో నాకు ఉండబట్టలేదు. "సార్, ఆయన మనసు జూసే ఒప్పుకుండు గదా. ఇగ ఆమె తెల్లగయ్యుడు ఎందుకు సార్?" అన్నాను.

"అది మంచి మనసుకు దొరికిన బహుమానమమ్మా."

"మనసు మంచిగుంటే ముఖం బహుమానమా సార్? మరి మొదట్నించి ముఖం మంచిగున్నోళ్లకు మనసు బహుమానం ఇస్తరా?"

"ఏయ్, నన్నెందుకంటున్నవే!" అంది మీగడ పక్కనుంచి.

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నీకు నాటకంల డైలాగులు తక్కువైనట్టున్నయి, ఇంకో పేజీ రాస్తనుండు" అన్నారు. నిజంగానే రాశారు. ప్రశ్నకు జవాబుగా పేజీ పెరిగింది గాని ముగింపు మారలేదు.

ఆ సాయంత్రం నల్లా దగ్గర నీళ్లు తాగుతూ మీగడ కూడా తన గోడు చెప్పుకుంది. "నువ్వన్న మస్తు మాట్లాడుతవే. నేను బొమ్మ లెక్క అచ్చి నిలవడాలె. మా అత్త పెండ్లిల గూడ గంతే, ఫొటోల మంచిగుంటదని అటో పది మందిల, ఇటో పది మందిల నిలవెట్టిన్రు. ఒక్కలన్న తిన్నవా అని అడగలె." నేను జాలిపడ్డాను. జాలిపడుతూనే ఆ లంగా నాకు సరిపోతుందేమోనని కంటితో కొలిచాను.

నా అసలు కష్టం అది కాదు. నేను ఇంట్లో "రాకుమారి వేషం" అని మాత్రమే చెప్పాను. సగం రాకుమారినని చెప్పలేదు. అవ్వ ఆ మాటని అంగడంతా చాటింది. చేపలు కొనేవాళ్లకి తూకంతో పాటు ఈ కబురు కూడా వేసింది. "మా మనుమరాలు రాణైతాంది. లగ్గం గూడ అయితదట స్టేజి మీద. మీరందరు రావాలె." అవ్వ అంతమందిని వెంటేసుకొచ్చి చూస్తే, సరిగ్గా పెళ్లి వేళకి తన మనుమరాలు దుప్పటి వెనక్కి జారి, వంటయ్యాక గిన్నెలా పక్కకి పోతుంది. ఎలాగైనా ఆ చివరి సీనులో నేనే ఉండాలని, అవ్వ కళ్లముందు ఆ దండ నా మెడలోనే పడాలని ఎంత కోరుకున్నానో! తెలిసిన దేవుళ్లకందరికీ విడివిడిగా మొక్కుకున్నాను, ఒకరికి చెప్పింది ఇంకొకరికి తెలియకుండా.

వార్షికోత్సవం రోజు మీగడ వాళ్ల పటేల్ తాత పంపిన షామియానా బడి మైదానంలో లేచింది. ముందు వరుస కుర్చీలు పెద్దవాళ్లకి, వెనక టార్పాలిన్ పట్టా పరిచింది మిగతా ఊరికి. మేకప్ మనిషి నగరం నుంచి వచ్చి, నేను ఏదో చెప్పబోయేలోపే ముఖానికి ఇంత మందాన గులాబీ రంగు పట్టించేశాడు. అద్దంలో చూసుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో ముని శాపం కంటే ఈయన వరమే బాగుందనిపించింది. అంతలో సారు వచ్చి నెత్తి కొట్టుకున్నారు.

"శాపం తగిలిన పిల్లను ఇంత తెల్లగ జేసినవేందయ్యా!"

"సార్, స్టేజి ఎక్కినోళ్లందరికి గిదే రంగు. దేవుడైనా దయ్యమైనా మా దగ్గర ఒక్కటే డబ్బ" అన్నాడాయన, ఎంతో సమానత్వంతో.

కడిగే సమయం లేదు. ఆ గులాబీ మీదే కాటుక రుద్దారు. అంటే, నల్లగా ఉన్న నన్ను తెల్లగా చేసి, మళ్లీ నల్లగా కనిపించడానికి నలుపు పూశారు. ఈ సౌందర్యసాధనలో నా అసలు రంగుకి మాత్రం ఎవరూ పని చెప్పలేదు.

నాటకం బాగానే నడిచింది. నేను బావులు తవ్వించాను, గంజి పోశాను, కొత్త పేజీతో సహా అంతా అప్పజెప్పాను. లైట్ల వేడికి కాటుక, గులాబీ కలిసి చారలు చారలుగా కారుతున్నాయి. మా క్లాసు మానిటరు రాకుమారుడు. అతికించిన మీసం ఒకవైపు ఊడుతుంటే పెదవితో పట్టి ఆపుకుంటూ "నీ మనసే నాకు వెన్నెల" అన్నాడు. డప్పు మోగింది. దుప్పటి వచ్చింది. నేను వెనక్కి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని కళ్లు మూసుకున్నాను. మీగడ ముందుకు వెళ్లి స్టేజి మైకులో తన ఒకే ఒక్క మాట మొదలుపెట్టింది: "నాథా..."

"ఓ సారూ! జర ఆపుండ్రి!"

ఆ గొంతు గుర్తుపట్టడానికి నేను దుప్పటి పైకి తొంగి చూడనక్కర్లేదు.

"మా పిల్ల సప్పుడు బందైంది. ఎవరిదో సన్నగొంతు అస్తాంది. మా పిల్లేదయ్యా?"

సారు పక్క నుంచి మైకందుకున్నారు. "అవ్వా, కూసో అవ్వా. శాపం తీరింది. ఆమే ఈమె."

"ఆమె ఈమె ఎట్లైతది? నేను పెంచిన పిల్ల గొంతు నాకెర్క లేదా? గంతసేపు మాట్లాడింది మా పిల్లనాయె. బాయిలు తవ్వింది అదాయె. లగ్గం కాడికి ఇంకొకలొచ్చి నిలవడుడేంది?"

అంగట్లో అవ్వ పక్కన కూరగాయలమ్మే ఆమె కూడా లేచింది. "అవును మల్ల! పిలగాడు ఒప్పుకున్నది ఒకామెను, కట్టవెట్టేది ఇంకొకామెనా?" పట్టా మీద గుసగుస మొదలై గోల అయింది. "పిల్లను మార్చిన్రట!" "ఎవరు?" "సారట!"

ముందు వరుసలో కునుకు తీస్తున్న పటేల్ తాత చెవిలో ఆ చివరి మాట పడింది. ఊళ్లో ఎన్నో పెళ్లిగొడవలకు పెద్దమనిషిగా కూర్చున్నాయన. ఒక పిల్లను చూపించి ఇంకో పిల్లను పీటల మీద కూర్చోబెట్టారన్న ఫిర్యాదు చెవిన పడితే, అది నాటకమా నిజమా అని ఆగి అడిగే అలవాటు ఆయనకి లేదు. కండువా సర్దుకుని, చేతికర్రతో స్టేజీ మెట్లెక్కేశారు.

"ఇద్దర్ని ముంగట నిలవెట్టుండ్రి!"

దుప్పటి పట్టుకున్నవాళ్లు భయపడి వదిలేశారు. నేను బయటపడ్డాను, చారలతో సహా.

"అరేయ్ పిలగా," తాత రాకుమారుడి వైపు తిరిగారు, "నువ్వు మాటిచ్చింది ఎవలకు?"

మానిటరుకి మీసం పూర్తిగా ఊడి చేతిలోకొచ్చింది. "తాతా... సార్ ఏం రాస్తే గదే జెప్పిన."

"సారును చేసుకుంటవా లగ్గం? నువ్వు జెప్పురా!"

వాడు నా వైపు వేలు చూపించాడు. "గీమెకు."

"మరి గీమెవరు?" అంటూ తాత మీగడ వైపు తిరిగి, బంగారు రంగు లంగా నుంచి పైకి చూస్తూ ముఖం దాకా వచ్చి ఆగిపోయారు. "ఓసి, గిది మన పిల్లనే!" షామియానా అంతా గొల్లుమంది. తాత ముఖంలో మనుమరాలి మీద ప్రేమ, పంచాయితీ మీద భక్తి కాసేపు కుస్తీ పట్టాయి. "నువ్వేమంటవు బిడ్డా?"

"నాకొద్దు తాతా," అంది మీగడ, జీవితంలో మొదటిసారి వెనక వరుసదాకా వినపడేట్టు. "నాకు మాట్లాడుడు కావాలె గని గీ పెండ్లెందుకు?"

తాత కర్రతో స్టేజీని ఒక్క పోటు పొడిచారు. "మాట ఎవలతోటి అయ్యిందో లగ్గం వాళ్లతోటే. పిల్లను మార్చుడు మా ఊళ్లె నడ్వది. ఊఁ, కానియ్యిండ్రి సారూ!"

సారు మళ్లీ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మీగడ దండ తెచ్చి నా చేతిలో పెట్టి, చెవిలో "నా మాట గూడ నువ్వే జెప్పెయ్" అంది. నేను గొంతు సవరించుకుని, శాపం తీరని ముఖంతోనే, షామియానా గుడ్డ ఎగిరేంత గట్టిగా అడిగాను: "నాథా! ఇప్పుడు నేను మీకెట్లు కనిపించుచున్నాను?"

కాగితం మీద రాకుమారుడి జవాబు 'నిండు పున్నమివలె'. వాడు నా ముఖంలోకి పరీక్షగా చూశాడు. అబద్ధమాడితే మళ్లీ పంచాయితీ అవుతుందనుకున్నాడో ఏమో.

"మంచిగనే ఉన్నవ్," అన్నాడు. "గని మూతి కడుక్కోవాలె."

ఆ రోజు మా ఊళ్లో పడ్డన్ని చప్పట్లు ఏ రాకుమారికీ పడి ఉండవు. దండ నా మెడలోనే పడింది. నేను ముఖం కడుక్కోకుండా, దండ తియ్యకుండా అవ్వ పక్కన షేరింగ్ ఆటోలో ఇంటికి బయల్దేరాను. అవ్వ ఏమంటుందోనని చాలాసేపు ఎదురుచూసి, ఇక ఆగలేక అడిగేశాను.

"అవ్వా, స్టేజి మీద నేనెట్ల కనవడ్డనే?"

"నాకు యాడ కనవడ్డవు బిడ్డా!" అంది అవ్వ, కొంగు సర్దుకుంటూ. "గా వీడియో దీసెటోడు డబ్బ వట్టుకొని ముంగటనే నిలవడె. మొదట్నించి వాని ఈపే జూసిన. ఇనవడ్డవు తియ్యి. మస్తు ఇనవడ్డవ్."

నేను బుంగమూతి పెట్టుకున్నాను. అంత పోరాడి గెలిచిన రాకుమారిని చూడాల్సిన ఒక్క మనిషీ చూడలేదంటే ఎంత అన్యాయం! ఇప్పుడైతే ఆ ఆటోలోకి తొంగి చూసి, ఒసేయ్ పిచ్చిదానా, ముఖం కనపడకుండానే నిన్ను గుర్తుపట్టి నీ కోసం ఊరినంతా లేపిన మనిషి పక్కన కూర్చున్నావే అని ఆ పిల్లకు చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినదు లెండి. డ్రైవరు పక్కనున్న చిన్న అద్దంలో దండ సరిగ్గా కనిపించడం లేదని, మెడ అటూ ఇటూ తిప్పుకుంటూ తెగ హడావిడిగా ఉంది.