వంటవాడి ఆఖరి మాట

ఒక సినిమాలో వంటవాడు చచ్చిపోయే ముందు ఏమన్నాడో మా పెద్దమ్మకు నేను తప్పు చెప్పాను. తెలియక కాదు. తెలిసే చెప్పాను. నవ్వొస్తోందా? నవ్వండి. ముప్పై ఏళ్లు పైబడి ఈ ఒక్క మాటను కడుపులో పెట్టుకుని తిరుగుతున్నానంటే ఎవరైనా పిచ్చిదాన్ని చూసినట్టే చూస్తారు. అందుకే ఎవరికీ చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు, మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెబుతున్నాను.

మలేషియాలోని బాగన్ దాతుక్‌లో కొబ్బరితోటల మధ్య మా ఇల్లు. అమ్మ చిన్నప్పుడే పోయింది. నాన్న వేరే సంసారం పెట్టుకున్నాడు. నన్నూ, తమ్ముణ్ణీ, మంచాన పడ్డ తాతనూ సాకింది అమ్మకు అక్క, మా పెద్దమ్మ. పెళ్లైన కొత్తలోనే ఆమె భర్త పోయాడు. పిల్లల్లేరు. తెల్లారగానే తోటకెళ్లి కొబ్బరికాయలు ఒలిచేది, మధ్యాహ్నం వచ్చి మాకు వండిపెట్టేది.

మా ఇంట్లో వీడియో క్యాసెట్ ఒక్కటే ఉండేది. తోట గుమస్తా ఊరొదిలి వెళ్తూ తన పాత టీవీ, ప్లేయర్‌తో పాటు ఇచ్చి పోయాడు. ఇంగ్లీషు సినిమా. కొండ విరిగిపడి ఒక రైలు సొరంగంలో చిక్కుకుంటుంది. బతికిన కొద్దిమంది చీకట్లో దారి వెతుక్కుంటూ పోతారు. ఆదివారం వస్తే చాలు, అదే సినిమా. ఇంకోటి ఉంటే కదా!

అందులో ఎవరి మనిషి వాళ్లకుండేవాడు. తాతకు ముసలి ఇంజిన్ డ్రైవరంటే ప్రాణం. తమ్ముడికి జేబు నిండా పేకముక్కలున్న జూదగాడు. నాకు నర్సు. దీపం పట్టుకుని అందరికన్నా ముందు నడుస్తుంది, వెనక్కి తిరిగి చూడదు. పెద్దమ్మకు మాత్రం ఆ రైల్లో వంటవాడు. లావుపాటి మనిషి, పెద్దగా మాట్లాడడు. "అందరికీ ఎట్టి ఆకర్న తింటాడు సూడు, ఆడే మనిసంటే" అనేది. తమ్ముడు అబద్ధమాడితే "జూదగాడి యేసాలెయ్యకురా" అని తిట్టేది. వాళ్లంతా మాకు ఇరుగుపొరుగు అయిపోయారు.

తెర కింద మలయ్ అక్షరాలు పడేవి. తాతకూ పెద్దమ్మకూ తెలుగూ తమిళమూ నోటికి వచ్చు కానీ చదువు లేదు. తమ్ముడికి ఇంకా అక్షరాలు కుదరలేదు. బళ్లో మలయ్ చదువుకున్నదాన్ని నేనే. గబగబా చదివి తెలుగులో చెప్పేదాన్ని. ఓపిక ఉంటే మొత్తం, లేకపోతే సగం. వాళ్ల వరకు ఆ సినిమా అంటే నేను చెప్పిందే.

మధ్యలో ఒక సన్నని కన్నం దొరుకుతుంది. కొందరు అందులోంచి బయటపడుతూ వంటవాణ్ణి రమ్మంటారు. ముసలివాళ్లనూ పిల్లలనూ వదిలి రానంటాడు. చివర్లో కూలిపోయే దూలాన్ని భుజంతో ఆపి, మిగిలినవాళ్లందరినీ దాటించి, తను ఉండిపోతాడు. అప్పుడేదో అంటాడు. సరిగ్గా అక్కడే మా ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. ఏమన్నాడని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ ఏడాది ఎక్కడో దూరాన ఉన్న సుంగై పెటాని ఊరి నుంచి కొబ్బరికాయల లారీ తోలుకుని ఒకాయన వస్తూండేవాడు. అప్పలసామి. తెలుగువాడే. భార్య పోయింది. మంచివాడు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ నాకు చెయ్యి రావడం లేదు, కానీ మంచివాడే. పెద్దమ్మను చేసుకుంటానన్నాడు. తమ్ముణ్ణి కూడా తీసుకెళ్లి చదివిస్తానన్నాడు. తాత మాత్రం ఈ ఇల్లు కదలనని మొండికేశాడు. అంటే తాత నా నెత్తిన పడతాడు. బడి ఆఖరి పరీక్షకు చదువుతున్నాను, పాసై క్లాంగ్ పట్నం వెళ్లి ఆఫీసులో పని చేయాలని ఆశ. పెద్దమ్మ వెళ్లిందంటే నా చదువు అటకెక్కినట్టే.

ఆ రోజుల్లో పెద్దమ్మ తలకు మల్లెనూనె రాసుకునేది. వంట చేస్తూ కూనిరాగం తీసేది. చూస్తే నాకు సంతోషం కలగాలి కదా? ఒళ్లు మండిపోయేది.

అప్పలసామి మర్నాడు వస్తాడు, జవాబు చెప్పాలి. ఆ ఆదివారం మళ్లీ సినిమా పెట్టాం. వంటవాడు దూలం కింద భుజం పెట్టాడు. ఆ రోజు పెద్దమ్మ ఏడవలేదు.

"ఆపవే," అంది. ఆపాను. తెర మీద బొమ్మ వణుకుతూ నిలిచిపోయింది.

"ఆకర్న ఆడేటన్నాడే?"

"ఎవరు?"

"మన వంటోడు. ఆల్లు రమ్మన్నప్పుడు ఎల్లనేదు కదా. ఇప్పుడేటనుకుంతన్నాడు? సరిగ్గా సదివి సెప్పు."

అక్షరాలు నా కళ్లెదుటే ఉన్నాయి. ఉండిపోయినందుకు బాధపడుతున్నాడు వంటవాడు. అది చదివాను. చదివి పెద్దమ్మ మొహంలోకి చూశాను. ఆమె ఎందుకడుగుతోందో నాకు పూర్తిగా తెలుసు.

"'నాకేటీ బాద నేదు. నావోల్లు ఒడ్డెక్కినారు, అదే సాలు' అన్నాడు పెద్దమ్మా."

"మల్లీ సెప్పు."

మళ్లీ చెప్పాను. రెండోసారి గొంతు కూడా తడబడలేదు.

మర్నాడు లారీ వచ్చింది. పెద్దమ్మ ఆయనకు టీ ఇచ్చి, గుమ్మం దగ్గర నిలబడి ఏదో చెప్పింది. ఆయన తల వంచుకుని విన్నాడు, టీ మొత్తం తాగాడు, గ్లాసు కిందపెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత లారీకి వేరే డ్రైవరొచ్చాడు. మల్లెనూనె సీసా గూట్లోనే ఎండిపోయింది.

సినిమాలో ఒక మాట విని ఎవరైనా బతుకు తేల్చుకుంటారా? ఈ ప్రశ్న అడ్డం పెట్టుకుని చాలా ఏళ్లు నెట్టుకొచ్చాను. ఆమె ముందే వద్దనుకుందేమో, తాతను వదిలి ఎలాగూ వెళ్లేది కాదేమో, నేను నిజం చెప్పినా అదే జరిగేదేమో అని నాకు నేనే వకాల్తా పుచ్చుకుని వాదించుకుంటూ పోతాను, చివరికి ఒక్కచోట మాత్రం దొరికిపోతాను. ఆ మాటకు బలం లేదనుకుంటే నేనెందుకు మార్చాను?

వానలకు క్యాసెట్‌కు బూజు పట్టింది. తమ్ముడు బావురుమన్నాడు. అప్పటికి వాడు కూడబలుక్కుని చదవడం నేర్చుకుంటున్నాడు. నేను హమ్మయ్య అనుకున్నాను.

పరీక్ష పాసయ్యాను. క్లాంగ్ వచ్చేశాను. ఎవరి కోసం ఆమె ఉండిపోయిందో ఆ మనిషే ముందు వెళ్లిపోయింది. తాత పోయేదాకా పెద్దమ్మ అక్కడే ఉంది. తర్వాత నా దగ్గరకు తెచ్చుకున్నాను. కన్నతల్లిలా చూసుకుంటున్నావని అందరూ మెచ్చుకుంటారు. ఎవరైనా పెద్దమ్మను, మళ్లీ పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే, "మా వంటోడన్నట్టు నావోల్లు ఒడ్డెక్కినారు, అదే సాలు" అంటుంది. అప్పుడు నేను ఏదో పనున్నట్టు వంటింట్లోకి వెళ్లిపోతాను.

పోయిన నెల మా అమ్మాయి టీవీలో ఆ సినిమా పట్టుకుంది. దానికి తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడటం అంతంతమాత్రం, తమిళం కలిపేసి చివర ఇక్కడివాళ్లలా 'లా' తగిలిస్తుంది. "అమ్మమ్మా, మీ ట్రైన్ పడం! తమిళ్‌లో ఉంది లా!" అని కేకేసింది.

నేను వంటింట్లో ఉన్నాను. ఏదో వంక చెప్పి ఆపించవచ్చు. ఆపించలేదు. స్టవ్ కట్టేసి వచ్చి పెద్దమ్మ పక్కన కూర్చున్నాను. నా నోటితో చెప్పలేనిది ఆ వంటవాడే చెప్పేస్తే పీడా పోతుందనుకున్నాను. ఎంత పిరికిదాన్నో చూడండి.

దూలం విరుగుతోంది. వంటవాడు మాట్లాడాడు. తమిళంలో, స్పష్టంగా. పెద్దమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"పావం లా, అమ్మమ్మా," అంది మా అమ్మాయి.

"ఈ తమిలపోల్లు తప్పు సెప్పినారే," అంది పెద్దమ్మ. "ఆడలాగనడు. మీ అమ్మ అచ్చరం అచ్చరం సదివి సెప్పింది నాకు. రెండుసార్లు సెప్పింది." నా చెయ్యి పట్టుకుంది. "కదే గుంటా?"

సినిమానే తప్పుపట్టింది. నన్ను కాదు.

"అవును పెద్దమ్మా," అన్నాను.

ఇది రాస్తుంటే ఆమె ముందుగదిలో మా అమ్మాయి జడ అల్లుతోంది. లేచి వెళ్లి చెప్పాలి. చెప్పగలనో లేదో తెలియదు. చెబితే ఆమెకు ఆ మాటైనా మిగలదు. చెప్పకపోవడానికి ఇది కూడా ఒక సాకేనేమో, అదీ తెలియదు. మీకు మాత్రం సరిగ్గా చదివి చెబుతాను. వంటవాడు అన్నది ఇది:

"రమ్మన్నప్పుడే వెళ్లిపోవాల్సింది. నాకూ బతకాలనే ఉండేది."