మూడో పిలుపు

మా ఇంట్లో దీపం పెట్టాక బయటినుంచి ఎవరు పిలిచినా వెంటనే పలకకూడదు. మొదటి పిలుపుకు నోరు మూసుకోవాలి. రెండోదానికీ అంతే. మూడోసారి కూడా పిలిస్తేనే "ఆఁ, వస్తున్నా" అనాలి. దెయ్యం మూడోసారి పిలవదట, పిలిస్తే మనిషేనట. ఈ కట్టడి పుణ్యమా అని సాయంత్రాలు ఐసు తెచ్చే ఆటో అతను మా గుమ్మంలో నిలబడి తిట్టిన తిట్లు అన్నీ ఇన్నీ కావు.

కాకినాడ దాటాక, సముద్రం ఏటా కాస్త కాస్త కొరుక్కు తింటున్న ఊరు మాది. నాన్న వేటకు వెళ్తాడు, అమ్మ చేపలు అమ్ముతుంది. గీచి గీచి బేరమాడేవాళ్లతో "ఇంద, ఫొటో తీసుకెళ్లి కూర వండుకోండి" అనే రకం మా అమ్మ. దేనికీ జంకదు, ఆ పిలుపు విషయంలో తప్ప. దానికి కారణం మా పిన్ని. నేను పుట్టకముందు, ఒక సాయంత్రం పుల్లలు ఏరుకోవడానికి ఒడ్డుకు వెళ్లి అలకు కొట్టుకుపోయింది. శవం కూడా దొరకలేదు. ఆ వారంలోనే, మసకచీకట్లో, గుమ్మం దగ్గర "అక్కా" అని వినిపించిందట. అమ్మ "ఓయ్" అంటూ పరిగెత్తింది. బయట ఎవరూ లేరు. తర్వాత నెల్లాళ్లు జ్వరం. మూడు పిలుపుల కట్టడి అప్పుడు మా అమ్మమ్మ పెట్టింది. పిన్ని ఫొటో ఒక్కటుంటే అదీ తుఫానులో గోడతోపాటు పోయింది.

నేను కొడుకుగా పుట్టి, కూతుర్నని తెలుసుకున్న మనిషిని. ఇంత తేలిగ్గా ఈ మాట రాయడం నాకు కాలేజీలో మావాళ్లు నేర్పారు. ఇంజనీరింగ్ చదవడానికి కాకినాడ వచ్చాక దొరికినవాళ్లు. మాలాంటివాళ్లం ఏడుగురం ఆదివారాలు ఒక పాత గదిలో కలిసేవాళ్లం. తలుపు మీద "చదరంగం క్లబ్" అని రాసి ఉండేది. నిజంగానే ఒక బోర్డు ఉండేది, అందులో ఒక గుర్రం పోతే పెన్ను మూత పెట్టాం. ఆట మాత్రం ఎవరికీ రాదు. డాక్టరు దగ్గరికి తోడు వెళ్లడం, ఇంటి ఓనరు సామాను బయట పడేస్తే తమ గదిలో చోటివ్వడం, ఏడ్చేవాళ్లను ఏడవనివ్వడం, ఇవే మా ఎత్తులు. ఇంకొకటి కూడా ఉండేది. ఇంటికి చేయాల్సిన కష్టమైన ఫోను ఎవరూ ఒంటరిగా చేయకూడదు. పక్కన ఒకరు కూర్చోవాలి. ఏమీ మాట్లాడక్కర్లేదు, కూర్చుంటే చాలు.

నాకు గొంతు కావాల్సి వచ్చింది. మందులతో మిగతావి మారతాయి గానీ మగగొంతు మారదు, సాధన చేయాల్సిందే. నేర్పింది మా సీనియర్, తణుకు అక్క. సివిల్ ల్యాబ్ వెనక ఎండిపోయిన నీళ్ల ట్యాంకు ఒకటి ఉంది. ఇనుప నిచ్చెన దిగి అందులో నిలబడి మాట్లాడితే మన మాట గుండ్రంగా తిరిగి మనకే వస్తుంది. "నీ గొంతు నువ్వు వినాలమ్మా, అప్పుడే సరిచేసుకోగలవు" అనేది అక్క. నెలల తరబడి కప్పలా బెకబెకలాడాను.

ఒకరోజు గొంతు వచ్చింది. "అమ్మా" అన్నాను. సన్నగా, చివర కాస్త సాగి, ఇసుకలో దూరంగా ఉన్నవాళ్లను పిలిచినట్టు. ఆ సాగదీత నేను సాధన చేసింది కాదు. అక్క గొంతు అలా ఉండదు, అమ్మదీ ఉండదు. క్లబ్బునుంచి తోడొచ్చి నిచ్చెన మీద కూర్చున్న జంగారెడ్డిగూడెం స్నేహితుడు నన్ను కాకుండా నా వెనక గోడను చూస్తున్నాడు.

"లోపల ఇంకెవరైనా ఉన్నారేంటి?" అన్నాడు.

"ఎవరుంటారు?"

"బాబోయ్, ఆ మాట నీ వెనకనుంచి వచ్చింది."

అక్కతో సహా అందరం నవ్వేశాం. నవ్వు కూడా తిరిగొచ్చింది, కొంచెం ఆలస్యంగా. ఆ సాయంత్రం అందరికంటే ముందు పైకెక్కింది నేనే.

అమ్మకు నా సంగతి అంతకుముందు సెలవుల్లోనే చెప్పాను. చేప పొలుసు గీకుతూ విన్నది. తలెత్తకుండానే, "ఫోన్లో వాడి గొంతు వినపడినంత కాలం నాకు కొడుకున్నాడు. ఆ గొంతు మానేసిన రోజు నాకు ఫోన్ చెయ్యకు" అంది. అందుకే ప్రతి ఫోనుకూ పాత గొంతు తొడుక్కునేదాన్ని. కొత్తది వచ్చాక ఆ పాతది తొడుక్కోబుద్ధి కాలేదు. నా గొంతుతో పిలిస్తే అమ్మ పోతుంది, పిలవకపోతే నేను పోతాను. ఛీ, ఇదేం బతుకని ఒక ఆదివారం దీపాల వేళ క్లబ్బు గదిలోంచి, స్పీకరు పెట్టి ఫోన్ చేశాను. పక్కన తణుకు అక్క కూర్చుంది.

"ఆఁ, చెప్పరా" అంది అమ్మ. వెనక అల చప్పుడు, కత్తిపీట మీద చేప తెగుతున్న చప్పుడు.

"అమ్మా."

కత్తిపీట ఆగిపోయింది.

"అమ్మా."

ఊపిరి వినిపిస్తోంది. పెట్టేస్తుందనుకున్నాను. పెట్టెయ్యలేదు, పలకనూ లేదు. అప్పుడు నాకు అర్థమైంది. అమ్మ లెక్కపెడుతోంది. ఇక్కడితో ఆపేస్తే నేను ఆ ఇంటికి దెయ్యాన్నే. ఆ రెండు పిలుపులూ నేనే పిలిచానా అని నాకే భయం వేసింది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మా."

"ఆఁ" అంది. కత్తిపీట పక్కకు జరిపిన చప్పుడు. "ఎక్కడిదే నీకీ గొంతు?"

"నాదేనమ్మా. నేర్చుకున్నాను."

"ఎవరు నేర్పారు?"

"ఇక్కడ ఒక అక్క."

"ఆవిడకి మా చెల్లి తెలుసా?"

అక్క తెల్లబోయి తల అడ్డంగా ఊపింది. అమ్మే మళ్లీ అంది, బతిమాలుతున్నట్టు. అమ్మ ఎవర్నైనా బతిమాలడం నేనెప్పుడూ వినలేదు.

"ఒక్కసారి అక్కా అని పిలవ్వే."

ఒళ్లు మండింది. చచ్చీ చెడీ సంపాదించుకున్న గొంతు. నాకంటూ ఉన్నది అదొక్కటే. దాన్ని కూడా పోయినవాళ్లకు ఇచ్చెయ్యాలా? ఫోన్ పెట్టేద్దామనే అనుకున్నాను. కానీ ఆ ఊపిరి ఇంకా ఎదురుచూస్తోంది.

"అక్కా."

"ఓయ్!"

ఆగలేదు, లెక్కపెట్టలేదు. పరిగెత్తుకొచ్చిన మనిషి రొప్పు ఉంది అందులో. ఆ తర్వాత అమ్మ ఏడుస్తుంటే విన్నాను. గదిలో వెలుతురు పూర్తిగా పోయింది, లైటు వేద్దామని మాకిద్దరికీ తోచలేదు.

"అమ్మా, నేను పిన్నిని కాదు" అన్నాను.

"తెలుసే. అది మళ్లీ పిలవలేదు. నువ్వు పిలిచావు." ముక్కు చీదుకున్న చప్పుడు. "సరే, దాని పిలుపు అయిపోయింది. ఇంక నీది పిలువు."

అక్కడా చీకటి పడిపోయే ఉంటుంది. దీపం పెట్టేసే ఉంటారు.

"అమ్మా" అన్నాను.

మొదటి పిలుపుకే పలికింది.