కరగదు, కరగలేదు

దర్జీ దుకాణం పైనున్న పొడవాటి గదిలో కేకుల మీద పూలు వేయడం నేర్పే ఆమెను అందరూ టీచరమ్మ అనే పిలుస్తారు. ఎవరేం చెప్పినా వేలితో తాకి చూస్తే గాని నమ్మని మనిషి. చిన్నప్పుడు పొయ్యి కాలుతుందని తల్లి చెబితే, "ఎంత కాలుతుంది?" అని అడిగి మరీ బొబ్బ తెచ్చుకుందని అక్క ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ గదిలోని మిక్సరు, నిలువెత్తు ఫ్రిజ్, డబ్బాల కొద్దీ క్రీము ఒక కంపెనీ ఇచ్చినవి. బదులుగా ఆమె ఆ క్రీముతోనే పాఠం చెప్పాలి, దాని గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలి. ఈ సంగతి ఆమె ఎన్నడూ దాచలేదు. కొత్తగా చేరినవాళ్ళతో, "ఇవన్నీ కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చారు. నేను పొగిడితే కాస్త తగ్గించుకుని వినండి," అనేది.

ఒప్పందం మరో ఏడాది సాగాలంటే చిన్న వీడియో కావాలన్నారు. అందులో ఆమె ఒకే వాక్యం పలకాలి: "ఈ క్రీము కరగదు." వీడియో లేకపోతే ఫ్రిజ్ ఉండదు. ఫ్రిజ్ లేకపోతే ఎండాకాలం తరగతి నడవడం కష్టం.

వీడియో తీయడానికి కంపెనీ మనిషి వచ్చిన రోజున ఒక అత్తా, కోడలూ పక్కపక్కన నిలబడి క్రీముతో గులాబీలు వేస్తున్నారు. ఇద్దరిదీ ఒకే డబ్బా, ఒకే ఫ్యాను గాలి. అత్తగారి రేకులు కత్తితో కోసినట్టు నిలిచాయి. కోడలివి వేసీ వేయకముందే సొమ్మసిల్లాయి.

"అది గులాబీయా, కాలీఫ్లవరా?" అంది అత్త.

"మీ పక్కన నిలబడితే ఏ పువ్వయినా వాడిపోతుంది అత్తయ్యా."

"నన్నంటావేం? దేనికైనా హస్తవాసి ఉండాలి."

హస్తవాసి అన్న మాటతో టీచరమ్మకు పొసగదు. కారణం తెలియని గదికి మనుషులు వేసే అందమైన తాళం అది అని ఆమె అనుమానం. ఇద్దరి చేతుల్లోని, క్రీము పిండే పైపింగ్ బ్యాగులు మార్చి వేయించింది. బ్యాగు కొసన రేకు ఆకారం తెచ్చే నాజిళ్ళు మార్చింది. అత్తను ఇటు, కోడలిని అటు నిలబెట్టింది. ఎక్కడ నిలబడినా, దేనితో వేసినా కోడలి గులాబీయే జారింది.

ఇదంతా కెమెరా వెనకనుంచి చూస్తున్న కంపెనీ మనిషి ఉండబట్టలేక, "వాళ్ళ చేతులు చూశారా అండీ?" అన్నాడు.

టీచరమ్మ ఇద్దరి అరచేతులూ పట్టుకుంది. అత్తది పొద్దుటి గచ్చులా చల్లగా ఉంది. కోడలిది అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టలా వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనమే బ్యాగు దాటి క్రీములోకి దిగుతోంది.

"ఒళ్ళంతా కోపమేనండీ మా కోడలికి. చెబితే ఎవరూ నమ్మరు," అంది అత్త.

"మీరు ఈ క్రీమును ఎవరి చేతులతో పరీక్షించారు?" అని టీచరమ్మ కంపెనీ మనిషిని అడిగింది.

అతను తల గోక్కున్నాడు. "యంత్రంతోనండి. దానికి చేతులెక్కడివి?"

కెమెరా వెలిగింది. పలకవలసిన వాక్యాన్ని ఆమె లోలోపల తిప్పి చూసుకుంది. "కరగలేదు" అనేవాడు సాక్షి. తన కంటితో చూసినంతవరకే చెబుతాడు. "కరగదు" అనేవాడు ఇంకా రాని ఎండలకూ, ఎన్నడూ పట్టి చూడని చేతులకూ కలిపి పూచీ పడుతున్నాడు. మధ్యలో ఒక్క 'లే' తీసేస్తే చాలు, సాక్షి జ్యోతిష్కుడైపోతాడు.

"ఈ క్రీము అత్తగారి చేతిలో కరగలేదు," అందామె. "కోడలి చేతిలో కరిగింది. కొనేముందు మీ అరచెయ్యి చూసుకోండి."

కంపెనీ మనిషి దాన్ని పైవాళ్ళకు పంపాడు. కాసేపటికి ఫోనులో మాట్లాడి వచ్చి, "మొదటి వాక్యం ఉంచి తక్కినది కత్తిరిస్తారట," అన్నాడు. "మొదటిది అబద్ధం కాదు కదండీ?"

"కాదు, అదే చిక్కు. తక్కినది తీసేస్తే ఆ నిజమే అబద్ధం పని చేస్తుంది. అన్నీ ఉంచమనండి, లేదా అన్నీ తీసేయమనండి."

అన్నీ తీసేశారు. కొన్నాళ్ళకు ఫ్రిజ్, మిక్సరు మెట్లు దిగాయి. ఎండ ఎక్కకముందే ముగిసేలా తరగతి పొద్దుటికి మారింది. అంత పొద్దున్నే రాలేమని కొందరు మానేశారు. అత్తాకోడళ్ళు మాత్రం దెప్పుకుంటూనే వచ్చారు.

ఒక ఉదయం టీచరమ్మ ఇంటినుంచి తెచ్చిన సంచిలోంచి అదే కంపెనీ క్రీము డబ్బా తీయడం చూసి కోడలు తెల్లబోయింది.

"ఫ్రిజ్ పట్టుకుపోయినవాళ్ళ సరుకు డబ్బిచ్చి మరీ కొన్నారా?"

"క్రీమేం చేసిందమ్మా, పాపం! చల్లని చేతులకు దీన్ని మించింది నాకింతవరకు కనబడలేదు."

"మరి నా చేతులకో?"

"అదే నాకూ తెలియదు." టీచరమ్మ సంచిలోంచి వేరు వేరు కంపెనీల డబ్బాలు తీసి బల్ల మీద వరసగా పెట్టింది. "నీ చేతుల్లో ఏది నిలుస్తుందో, ఎంతసేపు నిలుస్తుందో చూడాలని రాత్రంతా ఒకటే ఆరాటం. ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వు."