వరి ఒడంబడిక నుంచి తప్పుకున్న వేసవి

కాలువ నుంచి చేలకు నీరందించే మా బోదె కింద భూములున్న రైతులమందరం, పదేళ్ళపాటు వరి తప్ప మరొకటి వేయబోమనీ, రొయ్యల చెరువులు తవ్వించబోమనీ ఒడంబడిక రాసుకున్నాం. భీమవరం వైపు నుంచి చెరువులు ఒక్కొక్క ఊరే దాటుకుంటూ మా పొలిమేర దాకా వచ్చిన రోజులవి. ఒకరు చెరువు తవ్విస్తే పక్క చేనికి ఉప్పు ఊరుతుంది. ఆ పక్కవాడు విధిలేక తానూ తవ్విస్తాడు. ఆ వరస ఎక్కడా ఆగకపోవడం కళ్ళారా చూసినవాళ్ళం గనుక ముందుగానే కట్టుబడ్డాం. ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాణ్ణని పత్రరచన నాకు అప్పగించారు. బోదె తలలో మొదటి చేను నాదే కావడం మరొక కారణం.

ఆ పత్రంలో ఒక షరతు పూర్తిగా నా ఊహ. తప్పుకోదలచినవాడు చీటీ రాసి పంపితే చాలదు. కాలువకు నీరు వదలకముందు ఏటా అందరం కలిసి బోదెలో పూడిక తీసే రోజున, గట్టు మీద నిలబడి, అందరూ వినేటట్లు తన నోటితో చెప్పాలి. చట్టం చేయలేని పని సిగ్గు చేస్తుందని నా నమ్మకం. చదివి వినిపించగానే అందరూ భేషన్నారు. ఆ మెప్పు నాకు చాలాకాలం తీపిగానే ఉండేది.

నా చేనికి ఆనుకొని దిగువన ఎకరం చేను ఉన్నావిడ మాత్రం చివరిదాకా సంతకం పెట్టలేదు. భర్త ఐసు ఫ్యాక్టరీలో పనికి పోతే వ్యవసాయమంతా ఒంటిచేత్తో నడుపుకొనే మనిషి.

“పై చేను మీది. మీరు నిలబడతానంటే నాకు భయం లేదండి మేష్టారూ,” అని, అందరి తరువాత నా సంతకం పక్కనే తన సంతకం చేసింది.

నిరుటి వేసవిలో చెరువులు కౌలుకు తీసుకొనే ఆసామి ఒకాయన మా ఇంటికి వచ్చాడు. నా చేను చెరువుకు ఇవ్వడానికి నేను ఒప్పుకున్నాను. వరి చేసే కౌలురైతులు దొరకడం లేదని తరువాత అందరితోనూ చెప్పాను. ఆ మాట అబద్ధం కాదు, అసలు కారణమూ కాదు. పింఛను వస్తున్నది, ఇల్లు సొంతం, అక్కర అంటూ ఏదీ లేదు. కాలువ అవతల నా ఈడువారు చెరువుల ఆదాయంతో మేడలు లేపుతుంటే, పెళ్ళిళ్ళలో వారికి ముందు వరుసలో కుర్చీలు వేస్తుంటే, నాలో అసూయ పుట్టింది. ఇంత చదువు చదివి, ఈ వయసులో, దానికి లోబడ్డాను.

పూడిక తీసే రోజున ఏటా నా బదులు కూలిమనిషిని పంపేవాణ్ణి. ఆ ఏడు నేనే వెళ్ళాను.

“ఏంటి మేష్టారూ, ఇయ్యాళ మీరే పార పట్టేత్తారేంటండీ? ఆ పంచె మాసిపోద్దేమో!” అని బోదెలోంచి ఒకాయన నవ్వాడు.

గట్టు మీద నిలబడి, అనివార్య పరిస్థితుల దృష్ట్యా పూర్వ నిర్ణయమును పునఃపరిశీలింపవలసివచ్చినదని మొదలుపెట్టాను.

“తెలుగులో చెప్పండి మేష్టారూ. మాకేం పరీచ్చ లేదు కదండీ,” అన్నాడు అతడే.

“చెరువుకి ఇచ్చేస్తున్నాను,” అన్నాను.

తిట్టుకు సిద్ధపడి నిలబడ్డాను. ఎవరూ తిట్టలేదు. వెనక నుంచి, “మేష్టారే ఇచ్చేత్తుంటే మనకేంటండీ అడ్డం?” అన్న మాట వినిపించింది. ఇద్దరి ముఖాల్లో తేలిక కనిపించింది. ఎవరు ముందు సిగ్గు విడుస్తారా అని వాళ్ళు కాచుకొని ఉన్నారు. ఆ మొదటి అడుగు నేను వేసిపెట్టాను.

దిగువ చేను ఆవిడ గట్టెక్కి వచ్చింది. “ఇచ్చుకోండి మేష్టారూ, మీ బూమి మీది. నా గట్టు పక్కన మీ వైపు ఊట కాలవొకటి తవ్వించండి. ఉప్పునీరు అందులోకి దిగిపోద్ది. నా వరి బతుకుద్ది. అంతేనండి.”

“తవ్విస్తానమ్మా,” అని అందరి ఎదుటా మాట ఇచ్చాను.

తరువాత కౌలు ఆసామికి ఆ సంగతి చెబితే నవ్వాడు. “అంత జాగా కాలవకి పోతే నాకు గిట్టదండి. ఆవిణ్ణి కూడా ఇచ్చెయ్యమనండి. మీరు చెప్తే కాదనదు.”

కాలువ లేనిదే ఒప్పుకోనని అనవలసినవాణ్ణి. అనలేదు. అతని మాట మోసుకొని ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఆవిడ కుర్చీ తుడిచి వేసి, మజ్జిగ ఇచ్చి, నేను చెప్పిందంతా విన్నది.

“కాలవ లేదన్నమాట,” అన్నది.

“అతడు ఒప్పుకోవడం లేదమ్మా.”

“చేను ఆయనదా అండీ?”

మజ్జిగ గ్లాసు కింద పెట్టి లేచాను. తన చేను ఇవ్వనని చెప్పి, నన్ను వీధి గుమ్మం దాకా సాగనంపింది.

మట్టి తవ్వే పొక్లెయిన్ దిగి నా చేను తవ్వుతున్న వారంలోనే, చేల మధ్య పుంత రోడ్డు మీద పోతూ ఆవిడను చూశాను. ఇద్దరు కూలీలతో కలిసి కాలువ తవ్వుతున్నది. అది గట్టుకు అవతల, ఆవిడ చేలోనే. నా చెరువు నుంచి వచ్చే ఉప్పు కోసం తన ఎకరంలోంచి ఒక పట్టె వదులుకుంటున్నది. ఆ మేరకు వరి ఇక ఏనాడూ పండదు.

నేను గట్టు దాకా వెళ్ళి, “కూలి నేను ఇస్తానమ్మా,” అన్నాను.

ఆవిడ పార ఆపింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. “వద్దండి మేష్టారూ. ఎండ ఎక్కువగా ఉంది, మీరు నిలబడలేరు. ఇంటికెళ్ళండి.”

ఆ మర్యాదలో వెతికినా లోపం లేదు. ఒక్క పరుష వాక్యం అని ఉంటే, దానికి బదులుగా ఏదో ఒకటి చెప్పుకొనేవాణ్ణి. కూలీలు నా వైపు చూడకుండా మట్టి ఎత్తిపోస్తున్నారు. గొడుగు విప్పుకొని, ఆవిడ వెళ్ళమన్నట్లే, ఇంటికి వచ్చేశాను.