మా కుక్క ఇంటి ఫొటోలోకి వచ్చిన వైనం

ఇప్పుడు చెప్పబోయేది ఒక మహాకావ్యం. ఇందులో ధాన్యరాశులున్నాయి, ఒక మంత్రదండం ఉంది, ఒక వీరుడున్నాడు. నిజం చెప్పాలంటే ఆ వీరుడు మా కుక్క. యుద్ధం చేసింది నేను, అదీ కుర్చీలో కూర్చుని.

ఎల్లారెడ్డి ఊళ్లో మా అవ్వ, అంటే అమ్మమ్మ, కొత్త ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశం రోజు అందరం వరుసగా నిలబడి ఫొటో దిగాం. కుక్క మాత్రం డప్పులకు బెదిరి పొలం వైపు పారిపోయింది. ఆ ఫొటోను అవ్వ గోడకు పెట్టనివ్వలేదు. ఇల్లు లేస్తున్నన్నాళ్లూ సిమెంటు బస్తాల మీద పడుకున్నది అదేనట.

"మీరందరు తిననీకి వచ్చిండ్రు. కాపలా గాసింది అది. అదే లేకుంటే గిది ఇంటి ఫొటో ఎట్లయితది?"

కామారెడ్డిలో ఒక స్టూడియోలో పని నేర్చుకుంటున్నాను కాబట్టి, దాన్ని ఫొటోలో ఇరికించే భారం నా మీద పడింది.

దొరికిన ఒక్క మంచి ఫొటోలో కుక్క ఆరబోసిన వడ్ల మీద కూర్చుంది. దానిదీ వడ్ల రంగే. కంప్యూటర్లో మ్యాజిక్ వాండ్ అనే మంత్రదండంతో ఒకచోట నొక్కితే ఆ రంగున్నంత మేరా ఎంపికవుతుంది. వీపు మీద నొక్కాను. కుక్కతో పాటు క్వింటాలు వడ్లూ వచ్చాయి. లాస్సోతో చుట్టూ గీత గీస్తే చెయ్యి జారి ఒక చెవి పోయింది. చివరికి పెన్ టూల్‌తో చుక్కలు పెట్టుకుంటూ అంచు నీటుగా కత్తిరించాను. పాస్‌పోర్టు ఫొటోల అలవాటు కొద్దీ మొహం కూడా నున్నగా చేసి, కాస్త తెలుపు చేసి, ప్రింటు పట్టుకుని బస్సెక్కాను.

అవ్వ బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి చూసింది.

"తునికాకు కత్తిరించినట్టు కత్తిరించినవ్ గదరా. దీని బొచ్చేది?"

ఎడిటింగ్ అంటే ఏమిటో వివరించబోయాను.

"మొకానికి పౌడర్ గూడ కొట్టినవా? గిది మనది గాదు. పక్కూరు లింగంపేట కుక్క."

మా కుక్క పక్కనే ఉంది. అది కూడా ప్రింటును వాసన చూసి వెళ్లిపోయింది.

స్టూడియోలో నాకు పని నేర్పే అన్నను అడిగితే, బొచ్చును కత్తిరించొద్దన్నాడు. మాస్క్ వేసి, సన్నటి బ్రష్‌తో అంచున వెంట్రుకలు ఒక్కొక్కటే బయటికి తెమ్మన్నాడు. మాస్క్ దేన్నీ చెరిపేయదు, దాచిపెడుతుంది. తప్పు చేస్తే వెనక్కి తెచ్చుకోవచ్చు. నా చదువంతటిలో నాకిలాంటి సౌకర్యం ఎవరూ చెప్పలేదు. ముక్కు మీది గాటు, గడ్డానికంటిన వడ్లగింజ అలాగే ఉంచేశాను. గాలిలో తేలుతున్నట్టుందని కాళ్ల కింద నీడ వేసి, గృహప్రవేశం ఫొటోలో అవ్వ పక్కన కూర్చోబెట్టాను.

ఈసారి అవ్వ చేతులు కొంగుకు తుడుచుకుని ప్రింటు అందుకుంది. తర్వాత ఫొటోలోని కుక్క తలను వేలితో నిమిరి, "మనదే" అంది.

అప్పటికప్పుడు గోడకు మేకు దిగింది. ఇంట్లో రెండో గృహప్రవేశం జరిగినంత సంబరం. నాకు అడగకుండానే మటన్ మళ్లీ వడ్డించారు. పెద్దమ్మ తనకూ ఒక కాపీ కావాలని, అందులో కుక్క తన దిక్కు ఉండాలని చెప్పింది. చిన్నమ్మ కూడా అంతే. ఇద్దరికీ రేపే తెస్తానన్నాను.

నేనేమో లేయర్లన్నీ, అంటే విడివిడి పొరలన్నీ, కలిపేసి జేపీజీగా మాత్రమే సేవ్ చేశాను; అలాంటి ఫైలులో కుక్కను పక్కకు జరపడం కుదరదు.