మూయకూడదన్న మెయిల్

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో ఆరేళ్ళు పనిచేశాను. ఎవరి మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఏ గదిలో ఉన్నాయి, ఎప్పుడు బయటికి తీయాలి, అంతా మెయిల్లోనే నడిచేది. అక్కడ ఒకటే నియమం, ఏదీ ఆపకూడదు. చల్లదనం తగ్గితే సరుకు రంగు పోతుందని ఓనరుగారి భయం. ఆ భయం గదుల్ని చల్లబరిచే కంప్రెసర్లతో ఆగక నా బల్ల మీదికీ వచ్చింది. కంప్యూటర్లో మెయిల్ కూడా ఏనాడూ మూయనివ్వలేదు.

ఒంగోలులో ఒక స్కూలు ఆఫీసులో ఉద్యోగం దొరికింది. సోమవారం చేరకపోతే ఇంకొకరిని తీసుకుంటామన్నారు. ఓనరుగారు సరేనంటూనే మెలిక పెట్టారు.

"కొత్త కంప్యూటర్లో పాత మెయిల్సన్నీ ఎక్కించి వెళ్ళమ్మా. అవి లేకపోతే ఏ సరుకు ఎవరిదో నాకేం తెలుస్తుంది?"

గంట పనే కదా అనుకున్నాను. పాత కంప్యూటర్లోని మెయిల్ ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, కొత్తదాంట్లో ఇంపోర్ట్ కొట్టాను. కొంత దూరం వెళ్ళి, ఫైలు పాడైందని చెప్పి ఆగిపోయింది. పెన్‌డ్రైవ్ మార్చాను. మళ్ళీ కాపీ చేశాను. ఫైలు బాగుచేసే టూల్ నడిపితే ఫోల్డర్ల పేర్లు వచ్చాయి గానీ లోపల ఏమీ లేదు. బుధ, గురు, శుక్రవారాలు అలాగే పోయాయి. ఇంట్లో నా పెట్టె సర్దేసి ఉంది. నేను మాత్రం మిర్చి ఘాటుకు తుమ్ముతూ ఆ కుర్చీలో ఇరుక్కుపోయాను. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది.

శనివారం మధ్యాహ్నం కంప్రెసర్ ఆపరేటర్ ఏదో సంతకానికి వచ్చి నా అవస్థ చూశాడు.

"మెయిల్ నడుస్తుండగానే ఫైలు తీస్తున్నారా మేడమ్? మేమైతే ఏ మిషన్నైనా ముట్టుకునే ముందు ఆపుతాం."

"కంప్రెసర్ ఆపుతారా?"

"ఒకదాన్ని ఆపి రెండోది నడుపుతాం, వారానికోసారి. లేకపోతే ఎప్పుడో కాలిపోయేది. ఓనరుగారికి చెప్పం లెండి."

నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ ఆ నియమాన్ని పట్టుకు వేలాడింది నేనొక్కదాన్నే అన్నమాట. మెయిల్ తెరిచి ఉన్నంతసేపూ కొత్త ఉత్తరాలు ఆ ఫైల్లోకి చేరుతూనే ఉంటాయి. అందుకే నేను తీసిన ప్రతి కాపీ అరకొరగా వచ్చింది. పాత కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి మెయిల్ మూసేశాను. ఒక్క క్షణంలో మూసుకుపోయింది. ఈసారి కాపీ చేసి కొత్తదాంట్లో ఎక్కిస్తే ఫోల్డర్లన్నీ నిండుగా దిగాయి.

ఓనరుగారు చూసి మురిసిపోయారు.

"ఇది నీకు తప్ప ఎవరికి వస్తుంది? ఈ సీజన్ అయ్యేదాకా ఉండమ్మా."

వారం కిందటైతే తల ఊపేదాన్నే.

"ముందు మెయిల్ మూయాలి, తర్వాత కాపీ చేయాలి. అంతేనండి. కాగితం మీద రాసిపెట్టాను."

"మూయడమేంటి? ఏమన్నా అయితే?"

"మధ్యాహ్నమే మూశానండి. ఏమీ కాలేదు," అని ఆఫీసు తాళంచెవులు ఆయన బల్ల మీద పెట్టాను.